చుట్టాల్ని పేరు పెట్టి పిలిచిన ఏడు

హతుమేరిలో దొమింగా నిద్రపోతే ఊరంతా గుసగుసగా మాట్లాడుకునే రోజులు ఏడాదికోసారి వచ్చేవి. పడమటి గాలి కొట్టి కొట్టి అలిసిపోయి, సముద్రం బద్ధకంగా కదిలే రోజులవి. అప్పుడు ఆవిడ పట్టపగలే గుమ్మం పక్కన చాప మీద వాలి కళ్ళు మూసుకునేది. దారిన పోయేవాళ్ళు అడుగు మెల్లగా వేసేవారు. ఏడ్చే పిల్లల్ని తల్లులు చంకనేసుకుని దూరంగా పట్టుకుపోయేవారు. ఆవిణ్ణి సోమరిపోతు అన్నవాళ్ళు లేరు. ఊరికి ఏడాదిపాటు కావలసిన కూర ఆ నిద్రలోనే ఉడుకుతోందని అందరికీ తెలుసు.

ఆ కూర పేరు లావోరు. ఇప్పుడు వాటి కాలం కాదు కాబట్టి నోరారా చెబుతున్నాను, కాలంలో అయితే చంపినా చెప్పను. దారప్పోగుల్లాంటి సముద్రపు పురుగులవి. ఆకుపచ్చవి, ఎర్రవి, తేనెరంగువి. ఏడాది పొడుగునా ఒడ్డు దగ్గరి పగడపు రాళ్ళ సందుల్లో ఎవరి కంటా పడకుండా బతికి, ఒక సాయంత్రం పొద్దు గూకగానే, చంద్రుడు లేచేలోపు, నీళ్ళన్నీ నిండిపోయేటట్టు పైకి తేలివస్తాయి. మహా అయితే రెండు మూడు సాయంత్రాలు. ఆ తరవాత మళ్ళీ ఏడాది దాకా జాడ ఉండదు. దివిటీ చూపిస్తే వెలుతురు దగ్గరికి అవే వస్తాయి, సన్నటి వెదురు జల్లెడతో తోడుకోవడమే మన పని. కొన్ని ఆకుల్లో చుట్టి నిప్పుల మీద కాల్చుకుంటారు. మిగిలినవి ఉప్పూ మిరపకాయా నిమ్మరసమూ పోసి కుండల్లో ఊరబెడతారు. పడవలు కదలని వానల్లో సగ్గుజావలోకి ఆ ఊరగాయే దిక్కు. పురుగులేమిటని ముఖం చిట్లించుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, ముందు ఓ ముద్ద తిని ఆ తరవాత మాట్లాడాలి.

వచ్చే కాలంలో వాటి పేరెత్తకూడదు. చుట్టాలు అనాలి. ఏ రోజు వస్తారో అసలే అనకూడదు. ఫలానా రోజు వస్తారని ఎవరి నోటైనా వచ్చిందో, చుట్టాలు అలిగి ఆ రోజు మొహం చాటేస్తారని మా నమ్మకం. పసిపిల్లలు తెలియక అంటే పెద్దవాళ్ళు మూతి మీద ఒకటిచ్చి నోట్లో ఉప్పురాయి వేస్తారు.

మరి ఊరికి తెలిసేదెలా? అదే దొమింగా పని. ఆవిడ ఆ నిద్రలోంచి లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా ఒడ్డుకు నడిచి, నీళ్ళు దోసిట పట్టి నోట్లో పోసుకుని ఉమ్మేసి ఇంటికొచ్చేది. కొన్నాళ్ళపాటు అంతే. ఒకనాడు మాత్రం వస్తూ వస్తూ వెదురు నరుక్కొచ్చి, గుమ్మంలో కూర్చుని సన్నగా చీల్చి జల్లెడ అల్లడం మొదలుపెట్టేది. అది ఎదురింటావిడ చూసేది. చూసి, తనూ వెదురు చీల్చేది. మధ్యాహ్నానికి ఊళ్ళో ప్రతి గుమ్మంలోనూ అల్లికే.

"ఏం చేస్తున్నావ్ వదినా?"

"ఏం లేదమ్మా, చేతులు ఊరుకోక. నువ్వో?"

"నాకూ ఊరుకోక."

ఇలా అబద్ధాలాడుకుంటూ, నవ్వు దాచుకుంటూ అల్లేవాళ్ళు. దొమింగా తన జల్లెడకి అంచు కట్టి గుంజకి తగిలించిందంటే ఆ పొద్దే. ఒక్కరూ ఒక్క ముక్క అనరు. పొద్దు వాలేసరికి ఊరు ఊరంతా మోకాటి లోతు నీళ్ళలో ఉంటుంది.

ఈ విద్య ఆవిడకి తల్లి నేర్పలేదు. నేర్పడం అనేదే లేదు అందులో. చిన్నప్పుడు తల్లి గుమ్మంలో కూర్చుంటే తనూ పక్కన కూర్చుంది, తల్లి నీళ్ళు పుక్కిలిస్తే తనూ పుక్కిలించింది, అంతే. తల్లి పోయిన ఏడు మాత్రం ఒక కల వచ్చింది. కలలో సముద్రం అడుగంటి ఇసక బయటపడి ఉంది. దూరంగా పగడపు గట్టు మీద తల్లి కూర్చుని జుట్టు దువ్వుకుంటోంది. జుట్టు ఆకుపచ్చగా, పొడుగ్గా, గట్టు దిగి నీళ్ళలోకి పాకుతోంది. దొమింగా "అమ్మా" అని పిలిచింది. తల్లి తిరిగి చూడలేదు. మర్నాడూ అదే కల, ఆ మర్నాడూ అదే. ఒకనాటి కలలో దువ్వెన నిండా వెంట్రుకలు ఊడివచ్చాయి. తల్లి ఆ దువ్వెన ఆవిడ చేతికిచ్చి, ఏమీ అనకుండా నీళ్ళలోకి దిగిపోయింది. లేచేసరికి ముక్కుపుటాల్లో పుల్లటి వాసన. ఒడ్డుకెళ్ళి నీళ్ళు నోట్లో పోసుకుంటే అక్కడా అదే పులుపు. ఏడుస్తూ వచ్చి జల్లెడ అల్లింది. ఆ సాయంత్రం చుట్టాలు వచ్చారు.

అప్పటినుంచీ ఏటా ఆ కలకోసం ఆవిడ పడుకునేది. నిజం చెప్పాలంటే ఊరి కూర కోసం కంటే తల్లిని చూడటం కోసం పడుకునేది.

ఆవిడ మొగుడు సెరాం దీవి వైపు పడవ వేసుకుని వెళ్ళి తిరిగి రాలేదు. ఉన్నది ఒక్కర్తే కూతురు, ఉర్సులా. తండ్రిని మింగిన సముద్రమంటే ఆ పిల్లకి ఒళ్ళుమంట. తల్లి పక్కన గుమ్మంలో కూర్చోమంటే, నీళ్ళు పుక్కిలించే పని నాకక్కర్లేదని చెప్పి, తీరం వెంట పడవ దూరంలో ఉన్న కోటకి పోయింది. అక్కడ దీవుల్ని ఏలే ఒలందా దొరల, అదే డచ్చివాళ్ళ, ఇళ్ళల్లో బట్టలు కుట్టింది. కుట్టి కుట్టి, చివరికి ఒక ఒలందా వైద్యుణ్ణి చర్చిలో పెళ్ళాడింది. ఆ తరవాత తల్లింటికి రావడం చుట్టపుచూపే అయింది, వచ్చినా పొద్దు వాలేలోపు వెళ్ళిపోయేది. దొమింగా మాత్రం ఏటా ఆ రోజుల్లో చాప కాస్త వెడల్పుగా పరుచుకుని పక్కన ఒక మనిషికి చోటుంచుకునేది. తన తరవాత ఆ కల ఎవరికి పోతుందన్నదే ఆవిడ బెంగ.

అల్లుడి పేరు యోస్త్. ఊళ్ళో మాత్రం సీసాల దొర అనేవాళ్ళు, ఎందుకంటే పీతనీ తేలునీ పువ్వునీ పిందెనీ దేన్ని చూసినా సీసాలో పెట్టి పైన సారా పోసేవాడు. చెడ్డవాడు కాదు. గొంతెత్తి ఎరగడు. చెట్లు పట్టుకుని తిరుగుతూ, ఎండకి ముక్కు తోలు ఊడిపోయి, కనబడ్డవాళ్ళనల్లా "దీన్ని ఏమంటారు? దేనికి వాడతారు?" అని అడిగేవాడు. ఓపిగ్గా వినేవాడు కూడా. కాకపోతే ముల్లు తీసి చేప తిన్నట్టు వినేవాడు. నాటువైద్యుడు మాతెయుస్ ఒక ఆకు చూపించి, ముందు చెట్టుని అడగాలి, ఎడమచేత్తో కోయాలి, కోసినవాడు ఆ పూట ఎవరితోనూ దెబ్బలాడకూడదు, అప్పుడు నూరి కట్టు కడితే పుండు మానుతుందని చెప్పాడు. దొర ఆకు ఉంచుకుని మిగతాదంతా పారేశాడు. "ఆకు మంచిదే, మనుషులే పిచ్చివాళ్ళు" అని కోటలో అన్నాడట. మాతెయుస్ ఆ మాట విని చాలాసేపు నవ్వాడు. ఊరి మీద దెబ్బలాడటం మానరా అని చెప్పడానికే తన తాత అదంతా పెట్టాడని ఆయనకి తెలుసు.

ఆ ఏడు గాలి మళ్ళే ముందు ఉర్సులా వచ్చింది. కాళ్ళకి చెప్పులు, చేతిలో చిన్న మూట. దొమింగా చాప మీద ఉంది. అప్పుడే కల చెదిరి లేచింది. కలలో తల్లి ఇంకా దువ్వుకుంటూనే ఉంది, ఒక్క వెంట్రుక కూడా ఊడలేదు.

"అమ్మా, లేచావా?"

"వచ్చావే తల్లీ! రా, కూర్చో. ఏం తిన్నావ్? సగ్గురొట్టె ఉంది, బాదంపప్పు దంచి పెట్టనా?"

"తిండికి రాలేదమ్మా. ఒక్క మాట అడగడానికొచ్చాను. అడిగితే చెప్పాలి."

దొమింగా చాప మీద సర్దుకు కూర్చుంది. ఇలా మొదలుపెట్టిన మాట మంచిది కాదని ఏ తల్లికైనా తెలుసు.

"మా ఆయన వచ్చే ఓడకి బతావియా పట్నం వెళ్ళిపోవాలి. వెళ్ళేలోపు చుట్టాలు నీళ్ళలోంచి లేవడం ఒక్కసారి కళ్ళారా చూడాలంటారు. ఏటా మనవాళ్ళు తోడుకున్నాక మర్నాడు కుండల్లో చచ్చినవే చూస్తున్నారు. ఏ రోజో చెప్పు."

"అలా అడగకూడదే."

"తెలుసు. అడక్కూడదు, అనకూడదు, చూడకూడదు. కోటలో బల్ల దగ్గర కూర్చుని దొరలంతా ఏమనుకుంటారో నీకు తెలుసా? మీవాళ్ళకి ఏమీ తెలియదు, బెల్లం దగ్గరికి చీమలు పోయినట్టు పోతారు, అంతకంటే ఏం లేదు అంటారు. నేను పళ్ళాలు తీస్తూ వినాలి. మా అమ్మకి తెలుసు అన్నానమ్మా. అందరి ముందూ అన్నాను. మీ అమ్మకి తెలిస్తే చెప్పమను అని నవ్వారు."

"నవ్వితే నవ్వారు. నవ్వులకి ఒళ్ళు కందదు."

"నాకు కందుతుంది."

దొమింగా కూతురి చెయ్యి పట్టుకుంది. "పక్కన పడుకోవే. ఈ నాలుగు రోజులూ నా పక్కన పడుకో. నీకే తెలుస్తుంది. ఒకరు చెప్పేది కాదిది."

"ఏళ్ళు పడుతుందమ్మా దానికి. నాకు ఏళ్ళు లేవు. ఒక్క మాటలో చెప్పు." ఉర్సులా గొంతు తగ్గించింది. "చెబితే చుట్టాలు వచ్చి పోయేదాకా ఇక్కడే ఉంటాను. నీ పక్కనే పడుకుంటాను."

ఇదీ ఎర. చేపలు పట్టే ఊళ్ళో పుట్టిన పిల్ల కదా. దొమింగాకి ఎర కనబడుతూనే ఉంది, అయినా మింగేసింది. ఆ రాత్రి కూతురు పక్కన పడుకుంది. నిద్రలో ఆ పిల్ల ఊపిరి చెవిలో పడుతుంటే దొమింగాకి చిన్నప్పటిలా ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది. కలలో తల్లి తిరిగి చూసింది. ఎన్నో ఏళ్ళ తరవాత మొదటిసారి. చూసి, దువ్వెన ఒళ్ళో పెట్టుకుంది. పళ్ళ సందుల్లో రెండే రెండు వెంట్రుకలు చిక్కుకున్నాయి.

పొద్దున్నే ఒడ్డుకి వెళ్ళి నీళ్ళు నోట్లో పోసుకుంటే పులుపు అప్పుడప్పుడే తగిలింది. కూతురు వెనకే నిలబడింది. తప్పు రోజు చెప్పేద్దామని దొమింగాకి ఒక్క క్షణం తోచకపోలేదు. కానీ కన్నకూతురు ఇన్నేళ్ళకి నోరు తెరిచి ఒకటి అడిగితే దాని కళ్ళలోకి చూసి అబద్ధం ఎలా చెబుతుంది?

"రేపు," అంది దొమింగా. "పొద్దు గూకాక."

అని, సముద్రం వైపు వీపు పెట్టి నిలబడింది, అది వినకుండా ఉంటే బాగుండునని. వస్తూ వస్తూ ఎప్పటిలాగే వెదురు నరుక్కొచ్చి అల్లిక మొదలుపెట్టింది, అది చూసి ఊరూ మొదలుపెట్టింది.

ఉర్సులా కోటకి కబురు పంపితే యోస్త్ పడవలో రెక్కలు కట్టుకుని వాలాడు. వచ్చినవాడు ఊరుకున్నాడా? మర్యాదస్తుడు కదా, నలుగురికీ పంచుదామనుకున్నాడు. రేవులో పడవల అడుగులకి నల్లటి కీలు పూస్తున్న మగవాళ్ళ మధ్యకి వెళ్ళి, టోపీ తీసి, మలయు భాషలో స్పష్టంగా, "రేపు పొద్దు గూకాక లావోరు వస్తుంది. దొమింగా చెప్పింది. అందరూ దివిటీలు సిద్ధం చేసుకోండి" అన్నాడు.

కీలు పూసే చేతులన్నీ ఆగిపోయాయి. ఒక ముసలాయన గబగబా ఉప్పునీళ్ళతో చెవులు కడుక్కున్నాడు. దొర వాళ్ళ మొహాలు చూసి, సంతోషం పట్టలేక అలా అయిపోయారనుకున్నాడు.

మధ్యాహ్నం కాకముందే బస్తియానా వచ్చిపడింది. ఆవిడ దొమింగాకి ఆడపడుచు, మొగుడికి అక్క. పక్కిల్లే. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది.

"ఏమే దొమింగా! చుట్టాల్ని పేరు పెట్టి పిలిచావటగా! పీటలేసి, కాళ్ళకి నీళ్ళు కూడా పెట్టావా?"

"వదినా..."

"వదినా లేదు, గిదినా లేదు. మీ అమ్మ చచ్చేదాకా నోరు విప్పలేదు. ఆవిడ అమ్మా విప్పలేదు. నీకేం మాయరోగం వచ్చింది? వానల్లో నా మనవలకి ఏం పెట్టను, సీసాల దొర సారా పెట్టనా?" అని, ఉర్సులా వైపు తిరిగింది. "దొరసానిగారూ, మీకేం లెండి. కోటలో రొట్టె దొరుకుతుంది, వెన్న దొరుకుతుంది. మా కూటి కుండ మీరు తన్నేస్తే మీ చెప్పుకి మసి కూడా అంటదు."

"మా అమ్మకి తెలుసని చెప్పడానికే అత్తా..."

"తెలుసని నీకు తెలీదా? నాకు తెలీదా? మరి ఎవడికి చెప్పాలే?"

ఉర్సులా తల దించుకుంది. బస్తియానా చేతిలో సగం అల్లిన జల్లెడ ఉంది, దాన్ని గుమ్మంలో విసిరికొట్టి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రానికి ఊళ్ళో గుమ్మాలన్నీ ఖాళీ. చీల్చిన వెదురుపుల్లలు పొయ్యిల్లోకి పోయాయి. మాట బయటికొచ్చాక ఇక ఆ సాయంత్రం చచ్చినట్టే. నీళ్ళ దగ్గరికి పోవడం కూడా అపచారం, అలిగిన చుట్టం ఇంటి ముందుకు పోయి నిలబడ్డట్టు. మర్నాడు పొద్దు వాలుతుంటే అందరూ తలుపులు వేసుకున్నారు.

నీళ్ళలోకి దిగింది ముగ్గురే. దొమింగా, ఉర్సులా, యోస్త్. దొమింగా రానంది. ఉర్సులా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. దొమింగా మనసులో ఉన్న కోరిక వింటే మీరు ఆశ్చర్యపోతారు. అవి రాకూడదని కోరుకుంది. రాకపోతే ఊరి మాట నిలబడుతుంది. ఊరి తిట్లు తను తింటుంది. కూతురికి మాత్రం తలవంపులవుతుంది, దాన్ని ఎలా కప్పాలో ఆవిడకి తోచలేదు.

పొద్దు కుంగింది. ఆకాశం దోరజామపండు లోపలి రంగుకి తిరిగి, ఆరిపోయింది. అలలు లేవు. ఊరివైపు ఒక్క దీపం లేదు. ఏటా ఈ వేళకి ఈ నీళ్ళ మీద ఎన్ని దివిటీలు, ఎన్ని నవ్వులు, ఎవరో ఎవరినో నీళ్ళలోకి తోసెయ్యడం, ముసలమ్మల కేకలు! ఇప్పుడు ఒక చేత జల్లెడ పట్టుకున్న ఉర్సులా రెండో చేతిలో కొబ్బరాకు దివిటీ ఒక్కటే చిటపటమంటోంది. దొమింగాకి ఇది కలో మెలకువో తెలియలేదు. కాళ్ళకింద ఇసక కలలో లాగే చల్లగా ఉంది. పగడపు గట్టు మీద ఎవరైనా కూర్చున్నారేమోనని చూసింది.

మోకాలి దగ్గర ఏదో మెత్తగా తగిలింది. మళ్ళీ తగిలింది. కిందికి చూస్తే నీళ్ళలో ఒక ఆకుపచ్చ దారం మెలికలు తిరుగుతోంది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక పదులు, వందలు. రాళ్ళ సందుల్లోంచి, ఇసకలోంచి, చీకట్లోంచి మౌనంగా లేచి వెలుతురు చుట్టూ మూగుతున్నాయి. కాసేపట్లో నీళ్ళు కనబడటం మానేశాయి. ఉర్సులా జల్లెడ ముంచి తోడింది. ముగ్గురూ జుట్టులో నిలబడ్డట్టు నిలబడ్డారు. పుల్లటి వాసన గుప్పుమంది. చుట్టాలు అలగలేదు. పేరు పెట్టి పిలిచినా వచ్చారు, ఊరంతా తలుపులేసుకున్నా వచ్చారు.

దొమింగాకి ఏడుపొచ్చింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియని ఏడుపు. అమ్మా, ఇంతేనా? నువ్వు అన్నేళ్ళు నోరు కట్టుకున్నది ఊరికేనా?

యోస్త్ మాత్రం చిన్నపిల్లాడైపోయాడు. పంట్లాం తడిసిపోతుంటే పట్టించుకోకుండా దోసిళ్ళతో ఎత్తి సీసాలో పోసుకుంటున్నాడు. "ఉర్సులా! చూడు, చూడు! ఎంత అందం! పున్నమి దాటింది, చంద్రుడు ఇంకా లేవలేదు. అంటే లెక్క ఉంది దీనికి. ఇక ఎవరినీ అడగక్కర్లేదు, నేనే కట్టగలను. పాపం మీవాళ్ళని చూడు, ఉత్త పిచ్చి నమ్మకంతో తలుపులేసుకుని కూర్చున్నారు! ఇదంతా రాయాలి. ఇక్కడివాళ్ళకి ఈ రోజు సంగతి ఏమీ తెలియదు, వచ్చినప్పుడు కూడా ఇళ్ళలో దాక్కుంటారు అని."

"రోజు చెప్పింది మా అమ్మ," అంది ఉర్సులా.

"చెప్పింది, కాదనను. కానీ ఎందుకో చెప్పగలదా? వాన వస్తుందని కాకికి తెలుస్తుంది. గూడు సర్దుకుంటుంది. అలాగని కాకిని పండితుడంటామా?" అని మంచిగానే నవ్వాడు. ఆ నవ్వులో విషం లేదు, అదే ఉర్సులాకి మరీ చేదైంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేది.

ఆమె మొగుడి వైపు నుంచి మొహం తిప్పుకుంది. తల్లి వైపు చూసింది. ఆ మాటలన్నీ తల్లీ వింది. విని, తనకి కాదన్నట్టు నీళ్ళని చూస్తోంది, చెంపల మీద తడి దివిటీ వెలుగులో మెరుస్తోంది. పక్కన కూర్చోమంటే కూర్చోనిదీ, ఒక్క మాటలో చెప్పమన్నదీ తనే. ఆ ఒక్క మాట ఇప్పుడు సీసాలో ఉంది. తల్లి కాకి అయింది, ఊరు పిచ్చిది అయింది.

ఉర్సులా జల్లెడ వంచింది. తోడినవన్నీ నీళ్ళలోకి జారిపోయాయి. తరవాత దివిటీని తలకిందులు చేసి సముద్రంలో ముంచింది. చుయ్‌మంది. చీకటి.

"ఏమైంది? ఎందుకార్పావు?"

"చెయ్యి జారింది. మీకు కావలసింది దొరికిందిగా, పదండి."

దొర సీసాకి బిరడా బిగించుకుని, తడిబట్టలతోనే పడవెక్కాడు. రా అన్నాడు. అమ్మకి ఒంట్లో బాగాలేదు, పొద్దున్నే పడవ పంపండి, వస్తానంది. ఆ సీసా ఏ దేశం చేరిందో, ఎవరెవరు దాన్ని దీపం ముందు పెట్టుకుని చూశారో మాకు తెలియదు. సారాలో ఆ పచ్చరంగు నిలవదని మాత్రం మాకు తెలుసు.

ఇంటికొచ్చాక తల్లీకూతుళ్ళు పొయ్యి రాజెయ్యకుండానే పడుకున్నారు. చీకట్లో దొమింగా అంది, "పొద్దున్నే అందరూ వస్తారు. అడక్కుండా అడుగుతారు. నేనేం చెప్పనే?"

చుట్టాలు వచ్చారని చెబితే, ఇన్ని తరాలు నోళ్ళు కట్టుకున్నదంతా గాలికి పోతుంది. పైపెచ్చు, వచ్చిన చుట్టాల్ని ఊరు తలుపేసి పంపేసిందని వానల్లో పిల్లలు ఆకలన్నప్పుడల్లా గుర్తొస్తుంది. రాలేదంటే, తెల్లారేసరికి కోట మొత్తానికి తెలిసిపోయే నిజాన్ని సొంత ఊళ్ళో అబద్ధం చెయ్యాలి, మా అమ్మకి తెలుసని కూతురు అన్న మాటా అబద్ధమవుతుంది. ఉర్సులా పక్కకి తిరిగింది. తల్లి చెయ్యి తీసి తన మెడకింద పెట్టుకుంది. ఆ రాత్రి దొమింగాకి కల రాలేదు.

తెల్లారేసరికి వాకిట్లో జనం. ఒకరు నిప్పు కావాలని, ఒకరు కోడిపెట్ట ఇటొచ్చిందా అని. మాతెయుస్ ఏ కారణమూ దొరక్క చేతులు వెనక పెట్టుకుని నిలబడ్డాడు. అందరికీ ముందు బస్తియానా. రేవులో కోట పడవ అప్పటికే వచ్చి ఉంది, పడవవాడు తెడ్డు మీద గడ్డం ఆనించి ఎదురుచూస్తున్నాడు.

బస్తియానా దొమింగాని అడగలేదు. గుమ్మంలోకి వచ్చిన ఉర్సులాని చూసింది. "నీళ్ళ దగ్గరికి వెళ్ళారటగా," అంది.

"వెళ్ళాం అత్తా."

"ఊఁ?"

ఉర్సులా తల ఎత్తి అందరినీ చూసింది. నిన్నటి దాకా ఆ కళ్ళలోకి చూడటానికి భయపడ్డ పిల్ల.

"రాలేదు అత్తా. పేరు పెట్టి పిలిస్తే వస్తారా? మాదే బుద్ధి తక్కువ. మా ఆయనకి ఉత్త నాచు దొరికింది, అదే సీసాలో పోసుకుని వెళ్ళారు."

బస్తియానా దగ్గరకొచ్చి, ఓదార్చేదానిలా ఉర్సులా రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. తీసుకుని ఆగిపోయింది. చుట్టాల వాసన ఒక రాత్రికి పోయేది కాదు. గోళ్ళ సందుల్లో, మణికట్టు మడతల్లో పట్టుకుని కూర్చుంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ ఊళ్ళో ప్రతి ముక్కుకీ తెలిసిన వాసన. గుమ్మం ముందు నిలబడ్డవాళ్ళందరికీ అది కొట్టింది. ఒకావిడ చెంగు మూతికి అడ్డం పెట్టుకుంది. మాతెయుస్ ఆకాశంలోకి చూశాడు. నిప్పుకి వచ్చినావిడ నిప్పు మరిచిపోయి, వెదురుపొద ఉన్న వైపుకి మెల్లగా నడక సాగించింది. వచ్చిన చుట్టాలు ఒక్క సాయంత్రంతో పోరు కదా. ఈ సాయంత్రం సంగతి ఎవరూ ఏమీ అనలేదు కదా.

"రాలేదంటావ్," అంది బస్తియానా.

"రాలేదు."

"రాకపోతే ఏం చేస్తాం. పోన్లే." అందరికీ వినబడేటట్టు అంది. తరవాత గొంతు బాగా తగ్గించి, "మా ఇంట్లో నిమ్మకాయలున్నాయి. రా, చేతులు తోమి కడుగుతాను" అంది.

దొమింగా గుంజకి ఆనుకుని కూర్చుంది. వాళ్ళ తాతలనాటి మౌనం ఎందుకో, అది చుట్టాల కోసం కాదనీ, ఒకరి కోసం ఒకరు కాచుకోవడానికనీ ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది. అది తనకంటే ముందు తన కూతురికి తెలిసింది. ఏడవకుండా ఉండటం ఆవిడ వల్ల కాలేదు.

రేవులోంచి పడవవాడు కేక వేశాడు. "దొరసానిగారూ! ఆటుపోటు తిరిగిపోతోంది, రావాలి!"

ఉర్సులా అటు తిరగబోయింది. బస్తియానా చెయ్యి వదల్లేదు.

"ఏ దొరసాని నాయనా?" అని ఆవిడే తిరిగి అరిచింది. "ఇక్కడ దొరసానులెవరూ లేరు. ఇది మా తమ్ముడి కూతురు."